పులికాటు తీరమున ఆరోగ్యచింత

వైద్యులకు వలయు మూలికలను తరతరములుగా అడవినుండి ఏరితెచ్చి యిచ్చిన జనమే తినుటకు చాలినంత తిండిలేక, త్రాగుటకు మంచినీరులేక కృశించుట చూచినపుడు, ఆరోగ్యము ఔషధమువలననే కలుగునను మన నమ్మకము ఎంత అసమగ్రమైనదో తెలియగలదు. అట్టి జనము శ్రీహరికోట యానాదులు. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ పొడవుగా సాగిన ఆ ఇసుకదీవి వారికి అనాదినివాసము. నిన్నమొన్నటివరకు నెల్లూరు జిల్లాలోనిదై, 2022 ఏప్రిలునుండి తిరుపతి జిల్లాలో చేరిన ఆ దీవి నేడు లోకమునకు రాకెట్ల మూలముననే పరిచితము.

1835లో దీవి ఆంగ్లప్రభుత్వపు చేతిలోనికి వచ్చినది. చిరివేరు, సుగంధిపాల వేళ్లు, ముష్టిగింజలు, చిల్లగింజలు, తేనె యానాదులు సేకరించి సర్కారునకు అప్పగింపగా, ప్రతిఫలము చాలవరకు ధాన్యరూపముననే ముట్టుచుండెడిది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథము వారి మూలికాపరిజ్ఞానమును ప్రశంసించినది. ఆ కాలమును స్వర్ణయుగమని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆకలి అప్పుడును ఉన్నది. నేరస్థజాతుల చట్టముపేర పుట్టుకనే నేరముగా నెంచిన దౌర్జన్యమును నెల్లూరు సీమ యానాదులును అనుభవించిరి. వెన్నెలకంటి రాఘవయ్యగారివంటి మహనీయులు దానితో పోరాడగా, ఆ చట్టము స్వాతంత్ర్యానంతరము 1952లో గాని దేశమంతట తొలగిపోలేదు. అయినను అడవి వారికి అన్నపుగాదెవంటిదై యుండెను: దుంపలు, తేనె, పీతలు, చేపలు, వేటమాంసము దొరికినమేరకు వారి భోజనమున వైవిధ్యముండెను, ఇసుకలో చెలమ తోడుకొన్న దొరువునీరు దాహము తీర్చెడిది.

1969లో ఈ దీవి అంతరిక్షకేంద్రమునకు ఎంపికయ్యెను. 1971 అక్టోబరులో రోహిణి రాకెట్లు ఇచ్చటినుండి తొలిసారి ఎగిరెను. 2002లో కేంద్రమునకు సతీశ్ ధవన్‌గారి పేరు పెట్టిరి. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇచ్చటినుండియే బయలుదేరెను. తెలుగువారికి ఇంతకుమించిన గర్వకారణము అరుదు. ఈ కేంద్రమునకై దీవిలోని పల్లెలను ఖాళీచేయించి జనులను సూళ్లూరుపేటవైపు తరలించిరి; యానాదులలో కొందరు దీవిలోనే కాలనీలలో కుదురుకొని, పూర్వపు సేకరణవృత్తి సన్నగిల్లగా కూలిపనులకు అలవాటుపడిరి. నెలజీతము, కొళాయినీరు, పాఠశాల, వైద్యశాల గల ఉద్యోగులకాలనీ ఒకవైపు, దినకూలిపై నడచు గుడిసెలు మరొకవైపు, ఒకే సముద్రపుగాలిని పీల్చుచున్నవి. గాలి ఒకటే యైనను జీవితము ఒకటి కాదు.

పరిసరము దేహమున ఎట్లు ప్రవేశించునో కొంత నిదానముగా చూడవలెను. సముద్రతీరమున నేల అడుగు మంచినీరు పలుచని పొర. దానిని అతిగా తోడినచో ఉప్పునీరు పైకి వచ్చును. దూరమునుండి బిందెలతో నీరు మోసితెచ్చు ఇంట చేతులు కడుగుకొనుటకు ఎంత నీరు మిగులును? చేతులు కడుగని ఇంట పసిబిడ్డకు విరేచనములు తరచగును; తరచు విరేచనములైన బిడ్డ తిన్నది ఒంటబట్టక గిడసబారును. ఒకటే గదిగల గుడిసెలో కట్టెలపొయ్యి పొగ తల్లి ఊపిరితిత్తులకును, ఆమె చంకనున్న శిశువునకును సమముగా పంచబడును. అడవి దూరమై, కూలిడబ్బులతో అంగడిబియ్యము కొనుక్కొను కుటుంబమునకు కడుపు నిండవచ్చునుగాని, మునుపటి దుంపలు, తేనె, పీతలు పళ్లెమునుండి తప్పుకొనును. జ్వరము వచ్చినపుడు ఆసుపత్రికి పోవుటయనగా ఆనాటి కూలి పోగొట్టుకొనుటయే గనుక, రోగి రోగము ముదిరిన పిదపగాని కదలడు. అంతలో అప్పు తప్పదు. ముందుగా అడ్వాన్సు ఇచ్చిన యజమానివద్ద రొయ్యలచెరువునకో ఇటుకబట్టీకో కుటుంబమంతయు కట్టుబడు దుస్థితి, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలనచట్టము వచ్చినను, ఈ ప్రాంతపు యానాదులలో పూర్తిగా అంతరింపలేదు. చెరువుగట్టున కావలియుండి ఊరూరు తిరుగువానికి స్థిరమైన చిరునామా ఉండదు. చిరునామా లేనివానికి రేషనుకార్డు దొరకుట కష్టము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పేదరోగికి పెద్ద శస్త్రచికిత్సను సహితము ఉచితముగా చేయించిన గొప్ప ఏర్పాటే యైనను, తెల్లకార్డు చేత లేని నిరుపేద దాని గడపవద్దనే నిలిచిపోయెను. వీనిలో ఏ ఒక్కటియు రోగము కాదు. అన్నియు కలిసి రోగమునకు దారి చదునుచేయును.

ఇట్టి కార్యకారణము మన నేలకు కొత్తది కాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములందు ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోయిన జనులను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే దానికి హేతువని నిరూపించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్‌ను గూర్చిన తొలి శాస్త్రీయనివేదికలలో అది యొకటి. ఆ నీటిని అందరును త్రాగినను, కాల్షియమును ఇతరపోషకములును కొరవడిన శరీరములందే ఆ వ్యాధి మరింత తీవ్రమగునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. బావి అందరిది; వంగిన నడుములలో పేదవారివే హెచ్చు.

విదేశములలోను ఇదే కథ. మైకేల్ మార్మట్ అధ్యక్షతన, మన అమర్త్యసేన్ గారు సభ్యులుగా నున్న ప్రపంచ ఆరోగ్యసంస్థ సంఘము 2008లో ఇచ్చిన నివేదికలో, స్కాట్లండులోని గ్లాస్గో ప్రాంతమున కాల్టన్ అను పేదపేటలోని పురుషుని ఆయుర్దాయము 54 సంవత్సరములైతే, కొలది మైళ్ల దూరమునగల లెంజీ అను సంపన్నపేటలో 82 సంవత్సరములని చూపినది. వైద్యము ప్రజలకు ఉచితముగా లభించు దేశముననే ఇంత అంతరము! పేదలు తమ అలవాట్లచేతనే చెడుచున్నారని వాదించువారికి అమెరికా ఒక సమాధానమిచ్చినది. అచ్చట 1994లో అయిదు నగరములలోని పేదకుటుంబములనుండి లాటరీ తీసి, గెలిచినవారికి పేదరికము తక్కువైన పేటలకు మారుటకు అద్దెసాయము కల్పించిరి. పది పదునైదేండ్ల పిదప చూడగా, ఆ సాయము పొందిన స్త్రీలలో తీవ్రస్థూలకాయమును మధుమేహమును తక్కువగా కనబడినవి. ఉపదేశము మారలేదు, ఔషధము మారలేదు, పేట మారినది.

మన దేశమునుండియు ఒక సాక్ష్యము కలదు. జార్ఖండులో క్షయరోగుల ఇండ్లవారికి నెలనెలా అదనపు ఆహారపదార్థములు అందించిన పరిశోధన 2023లో ప్రకటితమయ్యెను. ఆ యిండ్లలో కొత్తగా క్షయ వచ్చుట నూటికి దాదాపు నలువదివంతులు తగ్గినది. బియ్యము, పప్పు కూడ టీకావలె పనిచేయగలవని ఇంత స్పష్టముగా తెలిసిన పిమ్మట, ఆహారమును వైద్యశాఖకు సంబంధింపని వ్యవహారమని తలచుట పొరపాటు.

పులికాటుమీద బ్రదుకు మత్స్యకారుల స్థితియు ఈ ఆహారవిషయముతోనే ముడిపడినది. రాయదొరువువద్ద సముద్రపు ముఖద్వారము ఇసుకమేటలతో పూడుచున్నకొలది సరస్సున పోటునీరు రాకపోకలు క్షీణించి, చేపలు తగ్గును; చేపలు తగ్గినచో ఆదాయము తగ్గును, ఇంటిలో పిల్లల పళ్లెములో చేపయు తగ్గును. ముఖద్వారమును పూడిక తీయుట నీటిపారుదల ఇంజనీర్ల పనియని మనమందుము. అది ఆరోగ్యశాఖ పనియుననవలెను. ఇంటి సంగతియు అంతే: 1984 నవంబరున శ్రీహరికోటవద్ద తీరము దాటిన తుఫానును ఎరిగినవారికి, గట్టియిల్లు కూడ ప్రాణరక్షక ఔషధమేయని వేరుగ చెప్పనక్కరలేదు.

అందుచేత జిల్లా అధికారులకును, అంతరిక్షకేంద్రపు పెద్దలకును నా మనవి యిది: పులికాటు చుట్టునగల గిరిజనకాలనీలను, మత్స్యకారపాలెములను పేరుపేరున తీసుకొని, ప్రతి ఇంటికి తాగునీరు, పక్కాయిల్లు, చేతికి రేషనుకార్డు, కూలివానికి రోజు పోకుండ సాయంకాలము తెరచియుండు వైద్యశాల అందినవో లేదో ఏటేటా లెక్కతీసి ప్రకటింపవలెను. మందుల ఖర్చు లెక్క మనవద్ద ఉన్నది. ఈ లెక్కయు ఉండవలెను. యానాదికి గుడిసె మారకుండ మాత్రలిచ్చి పంపుట వైద్యము కాదు.