నాచు గోడలో లోహపు వల

ఉక్కు నగరపు వెల్డింగ్ రాడ్‌కూ సముద్రపు నాచుకూ చుట్టరికం ఉంది. అది నదికీ అక్కరకొస్తుందా?

జంషెడ్‌పూర్‌లో వెల్డింగ్ మెరుపులు కొత్త కాదు. ఆ రాడ్ మీది పూత సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఖనిజాల పొడిని ముద్దచేసి తీగ చుట్టూ ఒత్తేటప్పుడు అది సాఫీగా జారడానికి కొన్ని రకాల్లో ఆల్జినేట్ కలుపుతారు. దాని పుట్టిల్లు సముద్రంలోని గోధుమ రంగు నాచు కణకవచం.

మొక్కల కణకవచానికి సెల్యులోజ్ ప్రధానం. నాచుల్లో అలా ఒకే సూత్రం లేదు. ఆకుపచ్చ నాచుల్లో చాలావాటికి సెల్యులోజే ఆధారం. ఎర్ర నాచుల గోడల్లో అగార్, కారజీనన్ ఉంటాయి. మొదటిది ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచడానికి, రెండోది ఐస్‌క్రీమ్ చిక్కదనానికి పనికొస్తాయి. డయాటమ్‌లు ఏకంగా సిలికాతో గాజు పెట్టెలు కట్టుకుంటాయి. గోధుమ నాచుల ఎండు బరువులో 40 శాతం దాకా ఆల్జినేటే ఉండొచ్చు. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఇ.సి.సి. స్టాన్‌ఫర్డ్ దీన్ని 1881లో వెలుగులోకి తెచ్చారు.

అసలు విశేషం దాని పట్టులో ఉంది. ఆల్జినేట్ గొలుసుల్లోని ఆమ్ల సమూహాలకు రుణావేశం ఉంటుంది. వాటి మధ్య కాల్షియం, అట్టపెట్టెలో కోడిగుడ్లలా ఒదిగి కూర్చుంటుంది. సీసం, రాగి, కాడ్మియం వస్తే కాల్షియాన్ని నెట్టేసి ఆ చోటు ఆక్రమిస్తాయి. దీనికి నాచు బతికి ఉండనక్కర్లేదు, ఎండిన పొడి చాలు. ఆమ్లంతో కడిగితే లోహం వదులుతుంది, పొడిని మళ్లీ వాడుకోవచ్చు.

జంషెడ్‌పూర్‌కు నీళ్లిచ్చే సువర్ణరేఖ గనులు, కర్మాగారాల నడుమ ప్రవహిస్తుంది. దిగువన ఘాట్‌శిల ప్రాంతం రాగికి పేరు. వీటి ప్రభావం నది నీటిలోని లోహాలపై ఉన్నట్టు ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అధ్యయనాల్లో తేలింది.

మరి నాచును వాడరేం? గోడ కూర్పు జాతిని బట్టి, రుతువును బట్టి మారుతుంది. నీటిలోని కాల్షియం పోటీకి వస్తుంది. పొడిని గుళికలుగా మలచకపోతే వడపోత గొట్టాలు పూడుకుపోతాయి. కర్మాగారాల్లో తయారయ్యే రెజిన్లకు ఈ తంటా తక్కువ. పైగా గోధుమ నాచు మంచినీటిలో దాదాపు దొరకదు, తీరం నుంచే రావాలి. విశాఖ రాళ్ల మీద సర్గాసం పెరుగుతుంది. అక్కడి నాచుల జీవావరణాన్ని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1964లోనే వివరించారు. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ తీరంలో నాచు సేకరణ ఎందరో మహిళలకు జీవనాధారం.

నాచు పొడి నదిని ఊడ్చే చీపురు కాదు. నదిలో కలిశాక లోహం పలచబడిపోతుంది, దాన్ని ఏరడం కష్టం. వ్యర్థజలం కర్మాగారం దాటకముందే, కాలువ మొదట్లోనే పట్టుకోవాలి. అలా పట్టిన లోహాన్ని భద్రంగా దాచే బాధ్యతా మిగిలే ఉంటుంది. వల సముద్రం ఇస్తుంది, వేయాల్సింది మాత్రం ఒడ్డునున్నవారే.