కత్తెర కంటే ముందు మొగ్గ: నర్సరీ మొక్క నుంచి ఉమె బోన్సాయ్

జపానులో ‘ఉమె’ అని, చైనాలో ‘మెయ్’ అని పిలిచే పూల ఆప్రికాట్ చలికాలం చివర, ఆకు తొడగకముందే బోసి కొమ్మలపై పూస్తుంది. దీని శాస్త్రీయ నామం ప్రూనస్ ముమే. జపానులోని నాగహామా పట్టణంలో 1952 నుంచి ఉమె బోన్సాయ్‌ల ప్రదర్శన నిర్వహిస్తున్నారు. మాను బోలుపోయినా, మిగిలిన బెరడు ఆధారంగా పూసే ముదురు చెట్లు ఈ కళలో ఎంతో విలువైనవి.

నర్సరీలో కొన్న ఉమె మొక్కకు అధిక నష్టం తరచుగా మొదటి కత్తిరింపులోనే జరుగుతుంది. మనకు సుపరిచితమైన జామ కొత్త చిగుళ్లపై పూస్తుంది. కనుక కొమ్మ కోస్తే చిగురు, చిగురుతో పాటు పూత లభిస్తాయి. ఉమె ఇందుకు భిన్నం. గత సంవత్సరం పెరిగిన రెమ్మలపైనే ఇది పూస్తుంది. ముదిరిన కొమ్మ నుంచి కొత్త చిగురు సులభంగా రాదు. పూమొగ్గలు మాత్రమే మిగిలేలా రెమ్మను కోస్తే, పూలు రాలిన తరువాత ఆ రెమ్మ ఎండిపోతుంది. పూమొగ్గ గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆకు మొగ్గ సన్నగా, మొనదేలి ఉంటుంది. ఈ తేడాను గుర్తించిన తరువాతే కత్తెర పట్టాలి.

నర్సరీ మొక్కలు సాధారణంగా అంటుకట్టినవి. అంటు అతుకు నేలకు దగ్గరగా, నునుపుగా ఉన్న మొక్కను ఎంచుకోవాలి. వేరుమూలం నుంచి వచ్చే పిలకలను వెంటనే తొలగించాలి. లేకుంటే అవి అంటు భాగాన్ని అణచివేస్తాయి.

పూలు రాలగానే ప్రతి రెమ్మనూ మొదట్లోని రెండు మూడు ఆకు మొగ్గల వరకు కుదించాలి. కుండీ మార్పుకు కూడా ఇదే అనువైన సమయం. అడుగుకు దిగిన లావు వేళ్లను కొంత తగ్గించి, పీచు వేళ్లను కాపాడి, నీరు నిలవని మిశ్రమంలో నాటాలి. అయితే మానును, వేళ్లను ఒకే సంవత్సరంలో తీవ్రంగా కత్తిరించరాదు. కాయలు ఏర్పడితే తీసివేయాలి. కొత్త రెమ్మలు లేతగా ఉన్నప్పుడే తీగ చుట్టి వంచాలి; ముదిరితే విరుగుతాయి. ఎదుగుదల నిలిచాక, వేసవిలో పూమొగ్గలు రూపుదిద్దుకుంటాయి. ఆ దశ తరువాత రెమ్మలను కత్తిరిస్తే వచ్చే ఏటి పూతను కోల్పోతాము. కొమ్మల అమరిక కుదిరే వరకు కొన్నేళ్లు పూతను కొంత వదులుకోక తప్పదు.

నిద్రావస్థ వీడటానికి ఉమెకు శీతాకాలపు చలి అవసరం. కనుక తెలుగు రాష్ట్రాల మైదాన ప్రాంతాలకు దీనిని సిఫార్సు చేయలేము. అయినా దీని నుంచి మన విద్యార్థులు నేర్వదగిన పాఠం ఒకటుంది. ఒక పంటకు మేలు చేసిన కత్తిరింపు మరొక పంటకు హాని చేయవచ్చు. అందుచేత రైతుకు కత్తిరింపు సలహా ఇచ్చే ముందు ఆ చెట్టు ఏ వయసు కొమ్మపై పూస్తుందో, ఆ మొగ్గ ఎప్పుడు ఏర్పడుతుందో తప్పక తెలుసుకోవాలి.