సూర్యలంకలో విడిది ఎచట?

కార్తీకమాసము వచ్చినంతనే చుట్టుప్రక్కల జిల్లాల పల్లెలనుండి జనము బండ్లు కట్టించుకొని సూర్యలంకకు సముద్రస్నానమునకు పోవుట మన యెఱిగినదే. వేసవి సెలవులలో హైదరాబాదు వంటి దూరపు నగరములనుండియు కుటుంబములు వచ్చుచున్నవి. స్నానము ముగించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరువారికి విడిదితో పని లేదు. ఒకటి రెండు రాత్రులు నిలువదలచినవారు మాత్రము ఎచట దిగవలెనని మమ్ము తరచుగా అడుగుచుందురు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్ప వీలులేదు.

సూర్యలంక మత్స్యకారుల పల్లె. బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున నున్నది. బాపట్ల విజయవాడ - చెన్నై రైలుమార్గముపై నుండుటచేతను, 2022 ఏప్రిలు నుండి జిల్లా కేంద్రమగుటచేతను రాకపోకలకు కొఱత లేదు. విడిదికి మూడు తావులు గలవు: పట్టణములోని వసతిగృహములు, తీరమున ఇసుకపై వెలసిన విడిది భవనములు, పల్లెలోనే ఎవరి యింటనైన అద్దెకు దొరకు గది.

ముసలివారు, చంటిబిడ్డలు వెంట నున్నవారికి పట్టణమే మేలని మా యభిప్రాయము. వైద్యుడు, మందుల అంగడి, భోజనశాల, రైలుస్టేషను అన్నియు చేరువనుండును. భావనారాయణస్వామివారి దర్శనమును అగును. తెల్లవారుజామున ఆటో నెక్కినచో సూర్యోదయమునకు తీరము చేరవచ్చును. పున్నమినాడు మాత్రము త్రోవ పొడవున బండ్లు నిలిచిపోవును గనుక మఱికొంత ముందుగా బయలుదేరవలెను.

తీరపు విడిదిలో అలల చప్పుడు వినుచు నిదురించుట సుఖమే. పర్యాటకశాఖవారు కట్టించిన గృహములు గలవు, ప్రైవేటువారివియు గలవు. పండుగదినములలోను, శని ఆదివారములలోను ముందుగా సొమ్ము కట్టనిదే గది దొరకుట దుర్లభము. గదిని చూచుటకు మునుపు నీటిని చూడుడు. ఇది చిన్న సంగతి కాదు. ఇసుకనేలలో వాననీరు ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలుచు నిలుచును. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, దాని క్రింద దాదాపు 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పై నీటిమట్టము ఒక్క అడుగు తగ్గినచో క్రిందినుండి ఉప్పునీరు అంతకు నలువది రెట్లు పైకి చొచ్చుకొని వచ్చును. కావున మోటారు పెట్టి అదేపనిగా తోడినచో చెడునది ఆ విడిది బావి మాత్రమే కాదు, ప్రక్కనున్న పల్లెవారి బావులును చెడును. మేమొకప్పుడు ఒక తీరగ్రామమున బస చేసినపుడు కుళాయినీటితో కాచిన కాఫీ నోట పెట్టలేకపోయితిమి. ఆ నీటినే ఊరివారు ఏడాది పొడవున త్రాగవలసివచ్చునను సంగతి అప్పుడుగాని మాకు తోచలేదు. త్రాగునీరు ఎచటినుండి తెప్పింతురో అడిగి దిగుడు. స్నానపు నీటిని పొదుపుగా వాడుడు.

ఇక పల్లెలోని గది. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన తీరప్రాంత నిబంధనలు, మత్స్యకారులు మొదలగు స్థానికులు తమ యిండ్ల కట్టడమును మార్పక అందే అతిథులకు బస యిచ్చుటకు అవకాశము కల్పించినవి. కొత్త మేడ కట్టనక్కఱలేదు. వచ్చిన పైకము ఆ యింటివారికే చెందును. ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు మన తీరమున మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఈ యేర్పాటు. ఆ రెండు నెలలు మత్స్యకారుల రాబడి సన్నగిల్లును. సెలవులకు అతిథులు వచ్చునదియు ఆ దినములలోనే. అప్పుడొక గది అద్దె యెంతటి ఆసరాయో వేఱుగా చెప్పనేల? అయితే ఆ దినములలో వంజరము, చందువ విస్తరిలో లేవని అలుగరాదు.

పల్లెలో దిగువారు అద్దె, భోజనము, మరుగుదొడ్డి సంగతులు మొదటనే తేల్చుకొనవలెను. పగటివేళ గాలి సముద్రమునుండి నేలపైకి వీచును గనుక, చేపలు ఎండబెట్టు కళ్లములకు లోపలివైపున నున్న యింటికి వాసన తప్పక తగులును. అది గిట్టనివారు కళ్లములకు దూరముగా గది చూచుకొనవలెనేగాని ముక్కు మూసుకొని ఆ యింటి యిల్లాలిని నొప్పింపరాదు. ఆరవేసిన వలలను త్రొక్కరాదు, పడవలెక్కి కూర్చుండరాదు.

పిల్లలున్నవారు మఱియొకటి గమనింపవలెను. గదితలుపు తీసినంతనే సముద్రమున్నచో పెద్దలు లేవకముందే పిల్లలు నీట దిగుదురు. ఈ తీరమున పలుమార్లు ప్రాణనష్టము జరిగినది. ఒడ్డునకు వచ్చిన అలలనీరు ఒక సన్నని త్రోవ చేసికొని వడిగా లోనికి మరలిపోవును. అచట అలలు విరుగవు. నీరు నెమ్మదిగా నున్నట్లు కనబడును. తెలియనివారు ఆ తావే మంచిదని దిగుదురు. దానిలో చిక్కినవారు ఒడ్డువైపునకు ఎదురీదరాదు. తీరమువెంబడి ప్రక్కకు ఈది, ఆ ప్రవాహము దాటిన పిదప ఒడ్డునకు మరలవలెను. పోలీసువారును గజ ఈతగాండ్రును కావలియున్న చోటనే, వారు చూపిన యెల్లలోపలనే స్నానము చేయుడు.

అక్టోబరునుండి డిసెంబరువరకు తుపానుల కాలము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరము దాటినది. ఆ నెలలలో గదికి సొమ్ము కట్టునపుడు, తుపాను హెచ్చరిక వెలువడినచో సొమ్ము తిరిగి యిత్తురా యని అడిగి వ్రాయించుకొనుడు. దిగినవెంటనే ఊరిలో తుపాను రక్షణభవనము ఎచటనున్నదో, రాత్రివేళ అచటికి ఏ త్రోవన పోవలెనో ఆ యింటివారినే అడుగవలెను.