తాగిన నీరు ఒంట నిలవాలంటే

బస్తర్‌లో పొలానికో అడవికో బయలుదేరే మనిషి భుజాన ఎండిన సొరకాయ బుర్ర ఒకటి వ్రేలాడుతూ కనిపిస్తుంది. అక్కడివారు దానిని తుంబా అంటారు. ఎంతటి ఎండలోనైనా లోపలి పానీయాన్ని చల్లగా ఉంచడం దాని గుణం. ఆ పానీయం చాలా తరచుగా ‘పేజ్’ అనే జావ. రాగిపిండిని రాత్రి నీటిలో నానవేసి, పులిసిన పిమ్మట మరునాడు నూకలతో కలిపి ఉడికించి, పలుచగా చల్లార్చి బుర్రలో పోస్తారు. శబరి నది ఒడ్డున ఉన్న కోంటా దాటి ఇవతలికి వస్తే, తెలుగువారికి అదే అంబలి. ఇప్పపూలు ఏరేవారూ, పొలం దున్నేవారూ ప్రొద్దు వాలేదాకా దానిని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటారు.

ఆరోగ్యవంతునికి ఇది ఆకలినీ దాహాన్నీ ఒకేసారి తీర్చే ఏర్పాటు. దీర్ఘకాలపు ప్రేగువ్యాధితో కాలం గడిపేవారికి మాత్రం ఇందులో ఆలోచించవలసిన విషయం చాలా ఉంది. పెద్దప్రేగులో పుండ్లు పడినవారు, క్రోన్స్ వ్యాధిగ్రస్తులు, గోధుమ సరిపడని సీలియాక్ రోగులు, శస్త్రచికిత్సలో ప్రేగు కొంత కోల్పోయినవారు—వీరందరికీ ఇరుగుపొరుగు చెప్పే హితవు ఒక్కటే: ‘నీళ్ళు బాగా తాగండి’. సదుద్దేశంతో చెప్పిన మాటే గాని, అందులో సగమే సత్యం.

మనిషి రోజుకు తాగేది సుమారు రెండు లీటర్లు. లాలాజలం, జఠరరసం, పిత్తం మొదలైన స్రావాల రూపంలో శరీరమే మరో ఏడు లీటర్ల దాకా ప్రేగులోకి వదులుతుంది. ఈ తొమ్మిది లీటర్లలో అధికభాగాన్ని చిన్నప్రేగు, మిగిలినదానిని పెద్దప్రేగు తిరిగి పీల్చుకుంటాయి. మలంతో బయటికి పోయేది నూరు, రెండువందల మిల్లీలీటర్లు మాత్రమే. ప్రేగు గోడ వాచినా, దాని పొడవు తగ్గినా ఈ లెక్క తలక్రిందులవుతుంది. నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. చిన్నప్రేగు మరీ కురచైనవారి స్థితి మరింత విచిత్రం. వారు ఉత్త నీరు తాగినకొద్దీ అది ప్రేగు గోడలోని ఉప్పును తనలోకి లాగి, దానితో సహా బయటికి పోతుంది. దాహం పెరుగుతుంది, మళ్ళీ నీళ్ళు తాగుతారు, నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే అటువంటివారికి వైద్యులు మామూలు నీటిని తగ్గించి ఉప్పు కలిసిన ద్రావణాన్ని తాగమని చెబుతారు. వినడానికి వింతగా ఉన్నా, ఇది అనుభవంలో రుజువైన చికిత్స.

దీని వెనుక ఉన్న శరీరధర్మాన్ని 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ వివరించాడు. చిన్నప్రేగు గోడలో చక్కెర, ఉప్పులోని సోడియం జంటగా ఒకే ద్వారం గుండా లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వంగదేశపు సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో కుప్పలుగా కూలిపోతున్నప్పుడు, సెలైన్ సీసాలు నిండుకోగా, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని పీపాలలో పోసి తాగించాడు. మరణాల శాతం నాలుగు కంటె తక్కువకు దిగింది. ఆయన 2022లో మరణించాడు. మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

చక్కెర బదులు బియ్యపు పిండి వాడినా అదే ఫలితం కలుగుతుందని ఢాకాలోని అతిసార పరిశోధనా కేంద్రం వారు 1980 దశకంలో కలరా రోగులపై పరీక్షించి చూపారు. పిండిపదార్థం ప్రేగులో మెల్లమెల్లగా చక్కెరగా మారుతుంది గనుక ద్రావణం మరీ చిక్కబడదు. ఇక్కడ పేజ్ జ్ఞాపకం రాక మానదు. ధాన్యపు గంజి, నీరు, గుక్కగుక్కగా తాగే అలవాటు—మూడూ అందులో ఉన్నాయి. పైగా రాగి, బియ్యం రెండింటిలోనూ గోధుమలోని గ్లూటెన్ లేదు కనుక సీలియాక్ రోగికి అది నిర్భయంగా తాగదగినది. ప్రేగు సన్నబడి ఇరుకైనవారు మాత్రం రాగి తవుడు గొంతు దిగకుండా గుడ్డలో వడకట్టుకోవడం మంచిది.

అయితే తూకంలో తగ్గేది ఉప్పు. బస్తర్‌లో ఉప్పు ఒకప్పుడు అపురూపమైన వస్తువు. సంతలో వ్యాపారులు సారపప్పు తీసుకుని దానికి సరిసమానంగా ఉప్పు తూచి ఇచ్చిన రోజులున్నాయి. ఎంత అన్యాయమైన బేరమో చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఉప్పుకు ఆ కరువు లేదు గాని, పేజ్‌లో ఎంత ఉప్పు పడుతుందన్నది ఇంటింటికీ మారుతుంది. కనుక విరేచనాలు ఉధృతమైనప్పుడు దానినే మందుగా నమ్ముకోరాదు. లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలుపుకోవడం ఇంటి వైద్యం. ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరులో కలపాలి; సగం నీటిలో కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు విషయంలో ముందు వైద్యుని అడగాలి.

అంగట్లో దొరికే తియ్యని పానీయాల సంగతి వేరు. చక్కెర ఎక్కువైతే అది ప్రేగులోకే నీటిని లాగుతుంది. అటువంటి డబ్బాల మీద ‘ఓఆర్ఎస్’ అనే పేరు ఉండరాదని హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. జీలుగు కల్లు, బియ్యంతో చేసే లాందా కూడా దాహం తీర్చేవిగా తోస్తాయి. మద్యం మూత్రాన్ని పెంచి ఉన్న నీటిని పోగొడుతుంది.

మూత్రం ముదురు రంగుకు మారడం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టివేయడం తొలి హెచ్చరికలు. సంవత్సరాల తరబడి ఇలా నీటి కొరతతోనే నెట్టుకువచ్చినవారికి మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే ప్రమాదమూ ఉంది. మగత కమ్మినా, మూత్రం ఆగిపోయినా సూదితో సెలైన్ ఎక్కించవలసిందే. జగదల్‌పూర్ చెంత డిమ్రాపాల్‌లో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది గాని, వర్షాకాలంలో ఇంద్రావతి పొంగితే ఆవలి గ్రామాలకు దారి మూసుకుపోతుంది. అటువంటి చోట్ల తొలి ఆసరా గ్రామంలోని ఆరోగ్య కార్యకర్త ‘మితానిన్’. 2002 నుండి ఛత్తీస్‌గఢ్‌లో పనిచేస్తున్న ఈ స్త్రీల మందుల సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి. ప్రేగుజబ్బు మనిషి ఉన్న ఇంటివారు ఆషాఢానికి ముందే ఆమె వద్ద నాలుగైదు అడిగి, తడి తగలని చోట దాచుకోవాలి.