ఛాయాచిత్రము కుంచెబొమ్మగా మారుట ఎట్లు?

విశాఖపట్నములో పూర్ణా మార్కెట్ కూరగాయల వ్యాపారమునకు పేరుపడిన చోటు. గోనెపట్టాలపై పోసిన వంకాయలు, బుట్టలలో టమాటాలు, పచ్చిమిరప రాసులు, నీరు చల్లిన ఆకుకూర కట్టలు, పలకపై సుద్దతో వ్రాసిన ధరలు అచట కంటికి పండుగ చేయును. ఒక విద్యార్థి ఇట్టి అంగడిని కంప్యూటరు తెరపై బొమ్మగా నిర్మింపదలచినట్లు ఊహించుడు. అతడు ముందుగా బల్లలను, బుట్టలను, బస్తాలను నున్నని ఆకారములుగా తయారుచేయును. పిమ్మట మార్కెట్టులో తీసిన ఫోటోలను ఆ ఆకారములకు తొడుగువలె అంటించును. ఇట్లు ఆకారములకు అంటించు చిత్రమునే టెక్స్చర్ అందురు.

పని ముగిసిన పిదప చూడగా ఏదో అతుకుబొంతవలె కనబడును. బస్తాపై గోనెపోగులు ఒక్కొక్కటిగా లెక్కింపవచ్చును. దాని ప్రక్కన విద్యార్థి స్వయముగా రంగువేసిన గోడ మాత్రము కథల పుస్తకములోని బొమ్మవలె నున్నది. అంతయు కుంచెతో వేసినట్లు ఒకే తీరుగా ఉండవలెనన్న, ఫోటోలను ఫిల్టరు అను గణిత సాధనము గుండా పంపవలెను. ఈ పని ఒక మీట నొక్కుటతో జరుగును. కాని ఆ మీట వెనుక జరుగునదేమి? ఫోటోలో ఏది నిలుచును, ఏది పోవును? ఈ సంగతి తెలిసినవానికే ఫిల్టరు అమరికలు చేతికి లొంగును.

చిత్రకారుడు విడిచిపెట్టునది

కెమెరా తన యెదుట నున్న సమస్తమును సమానముగా గ్రహించును. వంకాయ తొడిమకును, దానిపై వాలిన ఈగకును, క్రింది గోనెపోగునకును దాని దృష్టిలో భేదము లేదు. చిత్రకారుడు అట్లు చేయడు. శ్రీకాకుళములో జన్మించిన వడ్డాది పాపయ్య (1921–1992) చందమామకు, యువకు వేసిన ముఖచిత్రములను తెలుగు పాఠకులు ఎరుగుదురు. అట్టి చిత్రమును పరిశీలించినచో ఒక సంగతి తెలియును. విశాలమైన చోట్ల రంగు మృదువుగా పరచుకొని యుండును. ఆకారముల అంచులు మాత్రము స్పష్టముగా నుండును. కంటికి ముఖ్యమైన చోట, అనగా కన్నులు, నగలు, చేతులు వంటి వాటియందు, చిన్న కుంచెతో వివరము చేర్చబడును.

కావున కుంచెబొమ్మకు మూడు లక్షణములు చెప్పవచ్చును. చిన్న చిన్న భేదములు మాయమగుట మొదటిది. పెద్ద భేదములు, అనగా అంచులు, నిలుచుట రెండవది. ముఖ్యమైన చోట వివరము మిగులుట మూడవది. మొదటి రెండు పనులు ఫిల్టరు చేయగలదు. మూడవది చేయగలదా అన్నదే అసలు ప్రశ్న.

చిత్రమనగా అంకెల పట్టిక

కంప్యూటరులోని చిత్రము చిన్న చిన్న గడులతో కూడినది. ఈ గడిని పిక్సెల్ అందురు. సాధారణముగా ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో ఒక్కొక్క దానికి ప్రతి గడియందును 0 నుండి 255 వరకు ఒక సంఖ్య ఉండును. సౌలభ్యము కొరకు ఇచట వెలుగును మాత్రమే తీసికొందురు గాక: 0 కటిక చీకటి, 255 పూర్తి తెలుపు.

గోనెపట్టాపై నున్న ఒక వంకాయను ఎడమ నుండి కుడికి అడ్డముగా ఒక వరుసలో చదివినచో సంఖ్యలు ఇట్లున్నవనుకొనుడు:

40, 44, 210, 38, 42, 40, 150, 146, 158, 152.

మొదటి ఆరు గడులు వంకాయ. అందు 210 అనునది నిగనిగలాడు తొక్కపై పడిన వెలుగు మెరుపు. చివరి నాలుగు గడులు గోనె. 40కిని 150కిని నడుమ నున్నది వంకాయ అంచు.

సగటు, మధ్యస్థము

నునుపు చేయుటకు అందరికిని తోచు మార్గము సగటు. ప్రతి గడిని, దాని ఎడమ కుడి ప్రక్కల గడులతో కలిపి కూడి, మూడుచే భాగింపవలెను. రెండు కొసల గడులను విడిచినచో, దగ్గరి పూర్ణసంఖ్యలకు సరిచేయగా వచ్చు వరుస ఇది:

98, 97, 97, 40, 77, 112, 151, 152.

దీనియందు రెండు దోషములు కలవు. వంకాయపై మెరుపు మూడు గడులకు బూడిదరంగు మరకవలె ప్రాకినది. 40 నుండి 150కి ఒక్క దుముకుగా నున్న అంచు 77, 112 అను మెట్లుగా కరిగిపోయినది. ఇది కుంచెబొమ్మ కాదు, మసకబారిన ఫోటో.

ఇప్పుడు సగటునకు బదులుగా మధ్యస్థమును తీసికొనుడు. మూడు సంఖ్యలను ఆరోహణక్రమమున వ్రాసి నడిమి దానిని గ్రహింపవలెను. అప్పుడు వచ్చునది:

44, 44, 42, 40, 42, 146, 150, 152.

అంచు చెక్కుచెదరలేదు; 42 నుండి 146కి ఒక్క దుముకే. అమెరికా దేశపు గణాంకశాస్త్రజ్ఞుడు జాన్ టుకీ 1970 దశకమున సంఖ్యాశ్రేణులను నునుపుచేయుటకు ఈ చలమధ్యస్థ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. నేడు గింప్ వంటి ఉచిత చిత్రలేఖన సాఫ్టువేరులో ఇది సిద్ధముగా దొరకును.

కాని మధ్యస్థపు వరుసను మరల చూడవలెను. 210 ఏమైనది? పూర్తిగా మాయమైనది. వంకాయ తాజాదని చెప్పునది ఆ మెరుపే. చిత్రకారుడైనచో అన్నిటికంటె ముందు దానినే కాపాడును. ఫిల్టరునకు మాత్రము అది ఇరుగుపొరుగుతో కలియని ఒంటరి సంఖ్య. దుమ్ము రేణువునకును దానికిని భేదము లేదు.

గుండె చిత్రము నుండి కుంచెబొమ్మకు

కుంచెబొమ్మల కొరకు నేడు మిక్కిలి వాడుకలో నున్న మరియొక పద్ధతి కువహరా ఫిల్టరు. జపానులో కువహరా, ఆయన సహచరులు 1976లో దీనిని వెలువరించిరి. వారి ఉద్దేశము చిత్రకళ కాదు. రేడియోధార్మిక పదార్థముల సాయమున తీసిన గుండె చిత్రములలోని గందరగోళమును తొలగించి, గుండె గోడల అంచులు చెడకుండ చూచుట.

దీని కిటుకు సులభము. ఒక గడి చుట్టును 5 వరుసలు, 5 నిలువుల కిటికీని తీసికొందురు. అందులో ఆ గడి మూలగా నుండునట్లు, ఒక్కొక్కటి 9 గడులు గల నాలుగు చతురస్రములు ఏర్పడును. నాలుగింటిలో ఏ చతురస్రమునందు సంఖ్యలు ఒకదానికొకటి మిక్కిలి దగ్గరగా నున్నవో, దాని సగటును మాత్రమే ఆ గడికి ఇత్తురు.

పై వరుసలోనే దీనిని పరీక్షింపవచ్చును. అంచునకు ఎడమనున్న 40ని తీసికొనుడు. ఎడమ వైపు మూడు గడులు 38, 42, 40. వీటి గరిష్ఠ కనిష్ఠముల భేదము 4. కుడి వైపు మూడు గడులు 40, 150, 146, భేదము 110. కనుక ఎడమను ఎన్నుకొనగా సగటు 40. తరువాతి 150కి ఎడమ గుంపు 42, 40, 150, భేదము 110. కుడి గుంపు 150, 146, 158, భేదము 12. కుడిని ఎన్నుకొనగా సగటు 151. అంచు 40 నుండి 151కి సూటిగా నిలిచినది. ప్రతి గడియు తనవారెవరో చూచుకొని వారితోనే కలియుచున్నది. అందుచే చిత్రము చదునైన రంగుమచ్చలుగా విడిపోవును. ఆ మచ్చలే కంటికి కుంచె వ్రేటులవలె తోచును.

చతురస్రపు కిటికీల వలన మచ్చలు మూలలు దేరి కనబడుట ఈ పద్ధతిలోని లోపము. 2009లో కిప్రియనిడిస్, కాంగ్, డోల్నర్ అను మువ్వురు దీనిని సవరించిరి. వారి పద్ధతిలో కిటికీ కోడిగ్రుడ్డు ఆకారమున సాగి, చిత్రములోని గీతల దిశకు తిరుగును. బుట్ట అల్లిక ఎటు పోయిన కుంచె అటే పోయినట్లుండును. ఉచితముగా లభించు బ్లెండర్ సాఫ్టువేరులో 2023లో వచ్చిన 4.0 కూర్పు నుండి ఈ రెండు రకములును కలవు.

కిటికీ ఎంత ఉండవలెను?

అమరికలలో ముఖ్యమైనది వ్యాసార్ధము. వ్యాసార్ధము 2 అయినచో కిటికీ 5 గడుల వెడల్పు, మొత్తము 25 గడులు. 3 అయినచో 7 గడుల వెడల్పు, మొత్తము 49 గడులు. ఈ చిన్న మార్పు ఎంత పని చేయునో ధరల పలకపై చూడవచ్చును. సుద్దగీత వెడల్పు 3 గడులు అనుకొనుడు. గీత నడుమ నిలిపిన 5 గడుల కిటికీలో గీతకు చెందినవి 15. ఇది 25లో సగమునకు మించినది. కనుక మధ్యస్థ ఫిల్టరులో గీత నిలుచును. 7 గడుల కిటికీలో గీతకు చెందినవి 21. ఇది 49లో సగమునకు తక్కువ. కనుక గీత తుడుచుకొని పోవును. వ్యాసార్ధము 2 నుండి 3కి జరిపినంతనే పలకపై ధర మాయమగును!

మరియొక సంగతి. 1024 గడుల వెడల్పు గల ఫోటోకు వ్యాసార్ధము 3 సరిపడినచో, అదే దృశ్యమును 2048 గడులతో తీసినప్పుడు 6 కావలెను. ఒకరు చెప్పిన అంకెను మరియొకరు యథాతథముగా వాడి ఫలితము రాలేదనుటకు తరచు ఇదియే కారణము. కొలవవలసినది తెరమీది అంకెను కాదు. పోవలసిన పోగు వెడల్పును, నిలువవలసిన గీత వెడల్పును. వ్యాసార్ధము ఆ రెండింటి నడుమ పడవలెను.

రంగుల మెట్లను తగ్గించుట రెండవ అమరిక. 256 మెట్లను 8కి కుదించినచో ఒక్కొక్క మెట్టున 32 సంఖ్యలు చేరును. గోనెలోని 150, 146, 158, 152 అన్నియు 128–159 మెట్టులో పడి ఒకే రంగగును. అయితే నునుపు చేయకముందే మెట్లు తగ్గింపరాదు. 159, 160 వంటి ఇరుగుపొరుగు సంఖ్యలు వేర్వేరు మెట్లకు చేరి చిత్రమంతయు పొక్కులు లేచినట్లగును.

తొడుగునకు గల ప్రత్యేకమైన చిక్కు

గోడకు రంగురాళ్లు ప్రక్క ప్రక్కన పేర్చినట్లు, టెక్స్చరును కూడ పలుమార్లు పేర్చుదురు. అప్పుడు ఒక ప్రతి కుడి అంచు మరియొక ప్రతి ఎడమ అంచుతో కలియును. ఫిల్టరు కిటికీ చిత్రపు కొసకు చేరినప్పుడు దానికి అవతల గడులు లేవు. అందువలన కొసలు వేరొక తీరుగా మారి, పేర్చినప్పుడు అతుకు గీత కనబడును. దీనికి ఉపాయము కలదు. అదే చిత్రమును 3 వరుసలు, 3 నిలువులుగా తొమ్మిది ప్రతులు పేర్చి, మొత్తముపై ఫిల్టరు నడిపి, నడిమి ప్రతిని మాత్రము కత్తిరించి తీసికొనవలెను.

ఫోటోలోని ఎండ నీడలను గూడ ముందుగానే చక్కబరచవలెను. బలమైన నీడ అంచును ఫిల్టరు వస్తువు అంచుగానే భావించి కాపాడును. నీడపట్టున గాని, మబ్బు కమ్మిన వేళ గాని తీసిన ఫోటోలు ఈ పనికి అనుకూలములు.

చేయి చేయవలసిన పని

ఇప్పుడు మూడవ లక్షణమునకు వత్తము. ముఖ్యమైన చోటును ఫిల్టరు ఎరుగదు. దానికి తెలిసినది సంఖ్యల భేదము మాత్రమే. కావున చిత్రమంతటికి ఒకే అమరిక ఇచ్చినచో బస్తాకును, వంకాయ తొడిమకును, ధరల పలకకును ఒకే కుంచె వాడినట్లగును. ఏ చిత్రకారుడును అట్లు వేయడు. పాల్ హేబర్లీ 1990లో ప్రకటించిన పద్ధతిలో ఫోటో రంగును మాత్రమే అందించును. కుంచె వ్రేటు ఎచట పడవలెనో, ఎంత పెద్దదిగా నుండవలెనో మనుష్యుడు నిర్ణయించును. ఆ వివేకము నేటికిని వర్తించును.

అందువలన పని క్రమము ఇట్లుండుట మేలు. ఫోటో మూలప్రతిని విడిగా భద్రపరచవలెను. నకలుపై పెద్ద వ్యాసార్ధముతో ఫిల్టరు నడిపి ఒక పొర, చిన్న వ్యాసార్ధముతో మరియొక పొర సిద్ధపరచవలెను. గోనె, నేల, గోడలకు మొదటి పొరను, కాయలకు, చేతులకు, వ్రాతకు రెండవ పొరను ఉంచవలెను. తుదకు వంకాయపై పోయిన మెరుపును చేతితో ఒక్క చుక్కగా పెట్టవలెను. ఆ ఒక్క చుక్కతో కాయకు ప్రాణము వచ్చును.

మూలప్రతిని దాచుట కేవలము జాగ్రత్త కొరకు కాదు. మధ్యస్థము 44 అని తెలిసినంతమాత్రమున అచట 210 ఉండెనని తిరిగి కనుగొనుట అసాధ్యము. ఫిల్టరు పోగొట్టిన దానిని ఏ లెక్కయు వెనుకకు తేలేదు. ఆ రోజున పూర్ణా మార్కెట్టులో ఏ కాయ ఎంత ధర పలికినదో ఫోటో చెప్పగలదు, కుంచెబొమ్మ చెప్పలేదు. ఒకటి సాక్ష్యము, రెండవది అలంకారము. రెండును కావలసినవే, ఒకదానిని మరియొకటిగా చూపుట మాత్రము తగదు. మార్చిన బొమ్మ క్రింద ఆ సంగతి వ్రాయుట మంచి అలవాటు.

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకుండనే తరగతిలో చేయించవచ్చును. గ్రాఫు కాగితముపై 10 వరుసలు, 10 నిలువులు గల గడులలో ఒక వంకాయ ఆకారమును సంఖ్యలతో వ్రాయించి, తరగతిలో సగము మందిచే సగటును, సగము మందిచే మధ్యస్థమును కట్టించి, ఫలితములకు పెన్సిలుతో రంగు వేయించవలెను. గణితపు పుస్తకములో సగటు, మధ్యస్థము అను రెండు మాటలు ఏల ఉన్నవో పిల్లలు ఆ రెండు బొమ్మలను ప్రక్క ప్రక్కన చూచి తామే చెప్పుదురు.