ఉన్ని వస్త్రమునకు ఇంటియందే రంగు వేయుట



మా తండ్రిగారు చలికాలమున కప్పుకొను తెల్లని ఉన్నిశాలువ యొకటి మా యింట నుండెను. వారు గతించిన పిదప అది పెట్టెలోనే యుండి, క్రమముగా పసుపువన్నెకు తిరిగెను. దానికి రంగు వేసినచో మరల కప్పుకొనవచ్చునని తలచితిని. నూలుచీరలకు రంగు వేయుట నే నెరిగిన పనియే. పెద్ద కాగులో నీరు పోసి, చాకలిసోడా కలిపి, రంగు వేసి, నీరు సలసల కాగుచుండగా శాలువను అందు ముంచి, గంటసేపు కర్రతో కలియబెట్టితిని. పిమ్మట తీసి చన్నీళ్లలో జాడించితిని. అప్పుడు నా చేతికి వచ్చినది శాలువ కాదు. పసిబిడ్డకైనను చాలని దళసరి తుండు. రంగు సయితము సరిగా అంటలేదు. ఆ శాలువ మరల రాదు. అట్టి నష్టము మీ యింట కలుగకుండవలె ననియే ఈనాటి నా ప్రసంగము.

నా పొరపాటు ఒక్కటియే. నూలునకు తగిన పద్ధతిని ఉన్నికి ప్రయోగించితిని. మన కంబళ్లు, గొంగళ్లు తరచుగా గొఱ్ఱె సహజవర్ణముతోనే యుండును గనుక, మనలో చాలమందికి తెలిసిన అద్దకము నూలు అద్దకమే. కాని నూలు చెట్టునుండి వచ్చునది. ఉన్ని ప్రాణినుండి వచ్చునది. మన వెంట్రుకలు, గోళ్లు ఏ జాతి మాంసకృత్తుతో ఏర్పడినవో ఉన్నియు దానితోనే ఏర్పడినది. చాకలిసోడా వంటి క్షారములు నూలునకు హాని చేయవు. ఉన్నిని మాత్రము తినివేయును. పులుపుగల ద్రవ్యములను ఉన్ని చక్కగా సహించును. అంగళ్లలో ఉన్నికై ప్రత్యేకముగా అమ్ము రంగుపొడులలో పెక్కింటికి సిర్కా కలుపుమని చెప్పుట ఇందువలననే.

ఇక శాలువ ఏల ముడుచుకొనెను? ఉన్నిపోగును సూక్ష్మదర్శినితో చూచినచో, ఇంటికప్పు మీది పెంకులవలె ఒకదానిపై నొకటి పరచిన పొలుసులు కనబడును. వాటి కొనలన్నియు ఒకే దిక్కునకు తిరిగియుండును. వేడినీటిలో అవి విచ్చుకొనును. అప్పుడు కలియబెట్టినచో పోగులు ఒకదానిలో నొకటి దూరి, వెనుకకు రాజాలక బిగిసికొనును. సోడా, సబ్బు ఆ పనిని త్వరపరచును. వేడినుండి ఒక్కమారుగా చలికి మార్చుటయు అట్లే. ఇట్లు బిగిసిన దానిని మరల విప్పు ఉపాయము లేదు.

కావున మూడు నియమములను మనస్సున నుంచుకొనుడు. వేడిని మెల్లగా పెంచి, మెల్లగా తగ్గింపవలెను. వస్త్రమును రాపాడింపరాదు. క్షారమును దరిజేరనీయరాదు.

రంగు వేయుటకు ముందు వస్త్రము నిజముగా ఉన్నియేనా యని చూడవలెను. అంచునుండి ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టుకొని నిప్పు చూపుడు. ఉన్ని యైనచో కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపిన పొడియగు నల్లని బూడిద మిగులును. నూలు కాగితమువలె మండును. కృత్రిమపు పోగు కరగి, గట్టి పూసవలె అగును. ఇప్పుడు అంగళ్లలో ఉన్నివలె కనబడు శాలువలలో పెక్కు కృత్రిమములే. వాటికి నేను చెప్పబోవు రంగు అంటదు.

ఇంటిలో వేయుటకు మంజిష్ఠ అనుకూలమైనది. మూలికల అంగడిలో దొరకును. పూర్వము కృష్ణాతీరమున నూలుగుడ్డల ఎరుపునకు వాడిన చిరివేరును, ఇదియు ఒకే కుటుంబపు మొక్కల వేళ్లు. అట్టి వేళ్లలోని అలిజరిన్ అను రంగుద్రవ్యమును 1868లో జర్మనీ దేశమున గ్రేబె, లీబర్మన్ అను రసాయనికులు ప్రయోగశాలలో తయారుచేసిరి. కలంకారివారు నూలును మొదట కరక్కాయ రసమున ముంచుదురు. కరక్కాయలోని వగరు లేనిచో నూలు పటికను గట్టిగా పట్టదు. ఉన్నికి కరక్కాయతో పనిలేదు. అది పటికను తానే పట్టుకొనును. పటిక రంగును పట్టుకొనును. పటిక లేనిచో రంగు వెలవెలబోవును.

శాలువ పొడిగా నున్నప్పుడు అర కిలో తూగిన దనుకొందము. దానికి పటిక 60 గ్రాములు, మంజిష్ఠ పొడి 500 గ్రాములు, నీరు 15 మొదలు 20 లీటర్లు కావలెను. మంజిష్ఠను సగము చేసినచో రంగు లేతగా వచ్చును. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుది, శాలువ విచ్చలవిడిగా తేలునంత పెద్దది కావలెను. ఇనుపపాత్ర రంగును మసకబరచును. ఈ పాత్రను మరల వంటకు వాడరాదు. ఒక ఉష్ణమాపకమును దగ్గర నుంచుకొనుడు.

మొదటిదినమున శాలువను గోరువెచ్చని నీటిలో కుంకుడురసముతో మెల్లగా అదిమి ఉతికి, జిడ్డు పోగొట్టవలెను. జిడ్డున్నచోట రంగు పట్టదు. పటికను కొద్ది వేడినీటిలో కరగించి పాత్రలోని చన్నీటిలో కలిపి, తడి శాలువను అందు ఉంచి, గంటసేపటిలో 80 డిగ్రీల వరకు మెల్లగా వేడిచేయుడు. ఇంకొక గంట ఆ వేడినే నిలిపి, పొయ్యి ఆర్పి, రాత్రియంతయు ఆ నీటిలోనే చల్లారనీయుడు. మంజిష్ఠపొడిని వేరొక పాత్రలో నానబెట్టుడు.

రెండవదినమున మంజిష్ఠను నానిన నీటితోనే గంటసేపు 70 డిగ్రీలకు మించకుండ కాచి, దళసరి గుడ్డతో వడగట్టుడు. మరిగించినచో ఎరుపు చెడి గోధుమవన్నె వచ్చును. వడగట్టిన రసమును పెద్దపాత్రలో పోసి, కావలసిన చన్నీరు కలిపి చల్లబరచి, తడి శాలువను మెల్లగా దింపుడు. ముప్పావుగంటలో 65, 70 డిగ్రీలకు తెచ్చి, గంటసేపు ఉంచుడు. నడుమ నడుమ శాలువను రెండు చేతి కర్రలతో ఎత్తి తిప్పుటయే గాని, కవ్వము త్రిప్పినట్లు త్రిప్పరాదు. పిదప ఆ రంగునీటిలోనే పూర్తిగా చల్లారనిండు. మొదటిమారు నాకు చాలని ఓపిక ఇదియే.

చల్లారిన శాలువను అంతే వెచ్చదనముగల నీటిలో, రంగు దిగుట తగ్గువరకు జాడింపుడు. పిండరాదు. తువాలులో చుట్టి అదిమి, తడి పోయిన పిదప నీడలో పరచి ఆరవేయుడు. దండెముపై వ్రేలాడవేసినచో తడిబరువునకు సాగిపోవును. ఇటుకవన్నె కలిసిన ఎరుపు మీకు కనబడును. పటికతో పట్టించిన ఈ రంగు ఎండకు, ఉతుకునకు చాలవరకు నిలుచును. పసుపుతో వేసిన రంగు చూపునకు సొంపుగా నున్నను, ఎండలో త్వరలోనే వెలియును.

కొన్ని హద్దులను ముందుగానే తెలిసికొనుడు. రంగు వేయుటవలన ముదురువన్నె లేతది కాజాలదు. మరకలు పూర్తిగా మాయవు; కొన్ని మరింత నల్లబడును. కుట్టుపనికి వాడిన నూలుదారముగాని కృత్రిమదారముగాని ఉన్నితో సమానముగా రంగు పట్టదు. అందుచే మొదట అదే శాలువ అంచునుండి తీసిన నాలుగు పోగులకో, పనికిరాని ఉన్నిముక్కకో ఈ క్రియనంతయు జరిపి చూడుడు. ఆ ముక్క పాడైనను మీకు నష్టము లేదు.

మా తండ్రిగారి శాలువ మిగిలిన తుండు ఇప్పటికిని నా పెట్టెలో నున్నది. తరువాత మా తల్లిగారి శాలువకు పైన చెప్పిన రీతిని రెండుదినములు ఓపికతో రంగు వేసితిని. అది నేటికిని చలికాలమున ఆమె భుజములపై నున్నది. మీ పెట్టెలలో అట్టి పాతవస్త్ర మున్నచో తొందరపడక, మొదట దాని స్వభావము నెరుగుడు. పిమ్మట పొయ్యి వెలిగింపుడు.