అంగుళమా? మిల్లీమీటరా?

మీ ఎత్తు ఎంతని అడిగితే అడుగులు, అంగుళాల్లో చెబుతారు. చొక్కా గుడ్డను మాత్రం మీటర్లలో కొంటారు. ప్లైవుడ్ షీటు సంగతి మరీ విచిత్రం! పొడవు, వెడల్పులు అడుగుల్లో, మందం మిల్లీమీటర్లలో. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చుకున్నా, పాత కొలతలు వాడుకలోంచి పోలేదు.

1959లో అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఒక అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. "లెక్క తేలికగా ఉంటుంది, 25 అనుకుంటే పోలేదా?" అంటారా? గిటార్ తయారీలో ఏమవుతుందో చూద్దాం.

గిటార్ మెడ మీద వీణకు ఉన్నట్లే మెట్లు ఉంటాయి. తీగ మెడ చివర ఒక పట్టీ మీద, రెండో వైపు బ్రిడ్జి మీద ఆని ఉంటుంది. ఈ రెంటి మధ్య పొడవును బట్టే మెట్ల స్థానాలు నిర్ణయిస్తారు. ఒక్కో మెట్టుకు, మిగిలిన తీగ పొడవులో 17.817వ వంతు తగ్గాలి. అలా తగ్గుతూ 12వ మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగమవుతుంది. అప్పుడు పౌనఃపున్యం రెట్టింపై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఇది నిష్పత్తి కనుక అంగుళాలైనా, మిల్లీమీటర్లైనా ఒకటే. చిక్కంతా రెంటినీ కలిపినప్పుడే.

కొన్ని గిటార్లలో తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే 647.7 మి.మీ. అంగుళానికి 25 మి.మీ. చొప్పున లెక్కిస్తే 637.5 వస్తుంది. ఆ లెక్కతో మెట్లు అమర్చి, బ్రిడ్జిని మాత్రం అంగుళాల టేపుతో కొలిచి అతికించారనుకోండి. 12వ మెట్టు 318.75 మి.మీ. దగ్గర పడుతుంది. అక్కడి నుంచి బ్రిడ్జి దాకా 328.95 మి.మీ. తీగ మిగులుతుంది. సగం కంటే ఎక్కువన్నమాట! అందువల్ల స్వరం అర్ధస్వరంలో పావు వంతుకు పైగా దిగిపోతుంది. చెవికి అది వెంటనే తెలుస్తుంది. కోసిన గాళ్ళను జరపలేం కదా!

అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతిలో కొలవాలి. మార్చక తప్పకపోతే 25.4నే వాడాలి. ప్రతి మెట్టునూ పట్టీ నుంచే కొలవాలి. ముందు మెట్టు నుంచి కొలిస్తే చిన్న చిన్న తప్పులు పోగుపడతాయి.

ఇప్పుడు మీరొక లెక్క చేయండి. తీగ పొడవు 650 మి.మీ. అయితే మొదటి మెట్టు 36.48 మి.మీ. దూరంలో ఉంటుంది. మరి రెండవది? పట్టీ నుంచి 70.9 మి.మీ. అని వస్తే మీ లెక్క సరైనదే.